రాజలింగం నీడచెయ్యి

పిల్లలూ, మనవాళ్లు మగ్గాల పనికి వలసొచ్చిన లింబాయత్‌లో మన వెనక గల్లీలో ఉండిన రాజలింగం సంగతి మీకెవరూ చెప్పలేదు. మీరు పుట్టకముందు మాట.

రోజూ పొద్దున భార్య భాగీరథి అతనికి అంగీ తొడిగి, వేలాడే కుడిచెయ్యి గుడ్డను మడిచి పిన్నీసు పెట్టేది. ఆ చెయ్యి మోచేయి దాకా ఉధ్నా మిల్లులో, బట్ట నేసే కరెంటు మగ్గం సాంచాలో పడి పోయింది. అతని నీడకు మాత్రం రెండు చేతులూ ఉండేవి. అదెవరికీ వింత కాదు. పక్కింటి సారక్క వడియాలు ఎండబెట్టి, "రాజన్నా, నీ నీడను జర కాకులు తోలమను" అనేది. నీడ తోలేది.

తొంభై ఏడులో సర్కారు ఖర్చులు తగ్గించుకోవడం మొదలుపెట్టింది. వికలాంగుల పింఛనుకు మళ్లీ పరీక్ష అన్నారు. నలభై శాతం లోపం లేకపోతే పింఛను బంద్. ఇంట్లో బియ్యం వచ్చేది దానితోనే.

"నీడ పడని తావుల నిలబడు. ఏదీ ముట్టకు" అంది భాగీరథి.

"నేనేడ ముడుతనే? ముట్టేది అది."

పరీక్ష రోజు డాక్టరు అతన్ని కిటికీ దగ్గరికి పిలిచాడు. నీడ పరదా మీద పడింది. కాసేపు చెయ్యి వెనక్కి పెట్టుకుని బుద్ధిగానే ఉంది. కానీ పరదాలో ఒక పోగు తెగి వేలాడుతోంది. ఇరవై ఏళ్లు సాంచాల మీద బతికిన చెయ్యి తెగిన పోగును చూసి ఊరుకోలేదు. రెండు కొసలూ వెతికి, మెలిపెట్టి, ముడి వేసింది.

డాక్టరు ముడిని లాగి చూశాడు. గట్టిగానే ఉంది. ముప్ఫై శాతం అని రాశాడు.

"సాబ్, దాంతోని బువ్వ తినరాదు" అన్నాడు రాజలింగం.

"నేర్చుకో" అన్నాడు డాక్టరు, తరువాతి మనిషిని పిలుస్తూ.

ఆ కాయితం చూసి మిల్లు యజమాని, పాత సేఠ్ అతన్ని మళ్లీ పనిలో పెట్టుకున్నాడు, సగం కూలికి. ఎండ ఉన్నన్నాళ్లు నీడ పోగులు అతికింది. ఆషాఢంలో మబ్బు పట్టి నీడ లేకుండా పోయింది. సాంచా ఆపితే కూలి కోస్తారని, నడుస్తుండగానే రాజలింగం తెగిన పోగు కోసం ఉన్న ఒక్క చెయ్యి లోపల పెట్టాడు. అదీ పోయింది.

తరువాత భాగీరథే అతనికి తినిపించేది. పింఛను ఆఫీసులో, మళ్లీ పరీక్ష మూడేళ్లకు అన్నారు.

ఈ సంగతి మీ పిల్లలకూ చెప్పండి. నీడ ముడి వేసిన మాట దాచకండి. తప్పు దానిదే అనిపించేట్టు మాత్రం చెప్పకండి.