పసుపు కిటికీ రికార్డు

పళ్ళసెట్లు చేసే అతని చేతులకి తొందరంటే తెలియదు. మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టేటప్పుడు ఊపిరి కూడా అనుమతి అడిగి తీసుకుంటాడని భార్య వెక్కిరిస్తుంది. ఆ ఓపికే పనిగది వెనకున్న చిన్న గదిలోనూ కనిపిస్తుంది. నేల నుంచి కప్పు దాకా రికార్డులు, క్యాసెట్లు, సీడీలు. వాటిలో సినిమా పాట ఒక్కటీ లేదు. అన్నీ టీవీ సీరియళ్ళ సంగీతమే. ఆసుపత్రి సీరియల్, కోర్టు సీరియల్, ఏడేళ్ళు నడిచి చివరికి హంతకుడెవరో చెప్పకుండానే ఆగిపోయిన సీరియల్.

“అందరూ టీవీ చూస్తారు. మీరేమో కళ్ళు మూసుకుని వింటారు,” అంటుంది భార్య.

ఎండ తగలని పై అరలో లైట్‌హౌస్ సీరియల్ రికార్డు ప్రతులు రెండున్నాయి. ఒకదాని అట్ట మీది బొమ్మలో లైట్‌హౌస్ కిటికీ తెల్లగా ఉంటుంది. దాన్ని అతను ఎన్ని వందలసార్లు విన్నాడో! రెండోదాని మీద కిటికీ పసుపు. అది మొదటి విడతది, అమ్మకానికి వచ్చిన నాలుగు రోజుల్లోనే కంపెనీ వెనక్కి తెప్పించుకుంది. సేకరించేవాళ్ళకి తెలిసినంతలో పదకొండే మిగిలాయి. పదకొండూ సీలు విప్పనివే. విప్పితే ఆ పదకొండులో దానికి చోటుండదు. రెండు విడతలకీ తేడా కిటికీ రంగేనని వాళ్ళంతా ఒకరికొకరు చెప్పుకుని నమ్మేశారు.

ఆ వారం పిన్ని వచ్చింది, పళ్ళసెట్టు చేయించుకోవడానికి. బంధువుల్లో ఆమెకి కోతల పిన్ని అని పేరు. ఆ పేరు పెట్టింది ఆమె సొంత అక్క, అంటే అతని తల్లి. వయసులో ఉండగా పిన్ని, టీవీలో తన గొంతు వస్తుందని చెప్పి చుట్టాలందరినీ ఒకరోజు కూర్చోబెట్టిందట. సీరియల్ మొదలైంది. వేణువు వచ్చింది, వెళ్ళింది. గొంతు మాత్రం రాలేదు. ఆనాటి నుంచీ, వాన పడుతోందని పిన్ని చెప్పినా ఎవరో ఒకరు లేచి గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చేవారు. అది ఏ సీరియలో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు.

పిన్ని దవడల అచ్చు తీసి ఆరబెట్టాడు. అది ఆరేలోగా ఆమె వెనక గదిలోకి వచ్చి, అరల వంక చూస్తూ చూస్తూ ఒక్కచోట ఆగిపోయింది.

“ఒరేయ్, ఇది పసుపు కిటికీది కదూ?”

“పిన్నీ, ముట్టుకోకు!”

“ముట్టుకోనులే. దీన్లో నేనున్నానురా.”

“ఎక్కడ, అట్ట మీదా?”

“లోపల. టైటిల్ మ్యూజిక్‌లో.”

“అది నాకు కంఠతా వచ్చు పిన్నీ. మొత్తం వేణువే.”

“తెల్లదాంట్లో వేణువు. ముందు నాచేతే పాడించారు. మాటల్లేవు, ఉత్త ఆలాపన. రికార్డు కూడా బయటికొచ్చేసింది. ఇంతలో డైరెక్టరు గారికి గొంతు వద్దనిపించింది. నన్ను తీసేసి, ఆ చోట వేణువు పెట్టి, అట్ట రంగు మార్చి కొత్తవి వేశారు. నాకు ఒక్క ప్రతి ఇవ్వలేదు, ఒక్కముక్క చెప్పలేదు. మీ అమ్మా వాళ్ళతో పాటే టీవీ ముందు కూర్చుని తెలుసుకున్నాను.”

అంతే చెప్పి ముందుగదిలోకి వెళ్ళి కూర్చుంది. వినిపించమని అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒక సాకు చెప్పడానికి అతనికి వీలుండేది.

తనకన్నా ముందు నుంచీ సేకరిస్తున్న పెద్దాయనకి ఫోన్ చేశాడు. “గురువుగారూ, పసుపుది మనలో ఎవరైనా విన్నారా?”

“విప్పితే కదయ్యా వినడానికి! పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు.”

గుమ్మంలో నిలబడి భార్య అంతా విన్నది. “అయితే పదకొండుమందీ కలిసి, ఎవరూ వినని పాటని ఇన్నేళ్ళుగా కాపాడుతున్నారన్నమాట. భలే ఉంది మీ సంబడం!”

అతనికి నవ్వు రాలేదు. లోపల వేణువే ఉంటే రికార్డూ పోతుంది, పిన్ని మాటా ఈసారి శాశ్వతంగా పోతుంది. విప్పకపోతే రెండూ ఇలాగే ఉంటాయి, ఆమె కోతల పిన్నిగానే ఉండిపోతుంది.

మైనం చెక్కే కత్తి శుభ్రంగా తుడిచి తెచ్చాడు. ప్లాస్టిక్ పొర అంచున కత్తి మొన ఆనించి, ఒక్క గీత గీశాడు. పాత కాగితం వాసన గుప్పుమంది. పిన్నిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, గాడిలో ముల్లు దించాడు.

అలల్లా వయొలిన్లు లేచాయి. వేణువు రావలసిన చోట అతను కళ్ళు మూసుకున్నాడు.

గొంతు వచ్చింది.

పాతికేళ్ళయినా నిండని గొంతు. ఎవరికోసమూ కాదన్నట్టు, సముద్రం మీద ఒంటరిగా తిరిగే వెలుగులా సాగింది. అతని చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆమె ఊపిరి తీసుకున్న చోటే వేణువాయనా ఊపిరి తీసుకునేవాడు. ఆమె పై స్వరం మీద రవ్వంత తడబడి నిలదొక్కుకున్న చోట, ఆయనా అలాగే తడబడి నిలదొక్కుకునేవాడు. తుడిచేసిన గొంతుని విని విని, అచ్చం అలాగే వాయించాడు ఆ మహానుభావుడు. చిన్నప్పటి నుంచీ తను ప్రాణంలా విన్నది వేణువుని కాదు, పిన్నిని. ఆ మాట మనసుకి తట్టగానే గది ఒక్కసారిగా గుడి మండపమంత పెద్దదయినట్టనిపించింది. చేతిలో గరిటెతో వచ్చిన భార్య అది దించడం కూడా మరిచి నిలబడిపోయింది.

“ఇక్కడ కాస్త శ్రుతి తగ్గాను,” అంది పిన్ని మెల్లగా.

అతను తల్లికి ఫోన్ కలిపి, ఏమీ చెప్పకుండా స్పీకరు పక్కన పెట్టాడు.

“ఎవర్రా పాడేది?” అంది తల్లి. అంతలోనే ఆమె గొంతు మారిపోయింది. “బట్టలు ఆరేస్తూ ఇలాగే పాడేదిరా. దానిదే... ఆ గొంతు దానిదే. అయ్యో, నేనెంత మాటన్నాను! చెల్లికి ఫోనివ్వు. ఒక్కసారి ఇవ్వు నాన్నా.”

అతను ఫోన్ తీసి పిన్ని ముందు పట్టాడు. ఆమె కళ్ళు తెరవలేదు. అరచెయ్యి మాత్రం పైకెత్తింది.

“ఉండమనరా మీ అమ్మని. ఇంకా అయిపోలేదు.”