పిప్పీ వాగుకి ఇవతలి రాత్రులు

అరవై అంటే రెండు నెలలు, అంతేగా, దానికింత పటం ఎందుకు, మా ఊరి కౌన్సిల్ మీటింగులో ఈ అధికారి తెర మీద రంగులు వేసి మరీ చూపిస్తున్నాడు, వాగుకి అవతల పెల్వర్త్ ఆకుపచ్చ, అక్కడ ఏ ఇంటినైనా ఏడాదికి అరవై రాత్రులకు మించి సెలవులకొచ్చేవాళ్లకు అద్దెకివ్వకూడదు, ఇవతల మా టల్లోరా నారింజ రంగు, ఇక్కడ నూట ఎనభై, మధ్యలో నీలం గీత పిప్పీ వాగు, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు దాన్ని మోకాళ్లు తడవకుండా దాటేయొచ్చు, మా అమ్మాయి ఇల్సా నాలుగేళ్లప్పుడు ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని దాటేది, పక్కపక్క ఊళ్లను పోల్చి చూస్తే అంటున్నాడు, పోల్చడానికి నీకు పటం కావాలేమో నాయనా, నాకు ట్రూడీ చాలు, నాతోపాటే సెలవుల ఇళ్లు శుభ్రం చేసే ట్రూడీ అవతలి ఒడ్డున అద్దెకుంటుంది, వాళ్ల ఇంటి యజమాని కూడా నిరుడు గోడలకు తెల్లరంగు కొట్టించి, వరండాలో పేము కుర్చీలు వేయించి, ఇక ఖాళీ చెయ్యమన్నాడు, తరవాత కూర్చుని చూసుకుంటే అరవై రాత్రులతో గిట్టదని తేలింది, మళ్లీ తలుపు తట్టి, ఉండాలనుంటే ఉండమ్మా అన్నాడట, ఆ కుర్చీలు కూడా దానికే మిగిలాయి, మొన్న నన్ను వాటిలో కూర్చోబెట్టి టీ ఇచ్చి, మెత్తగా ఉన్నాయి కదే అంది, పాపం దాని మనసులో ఏమీ లేదు, అయినా ఆ కప్పు విసిరికొట్టాలనిపించింది నాకు.

నూట ఎనభై హద్దట, ఎవరికి హద్దు, అక్కడ అర్ధచంద్రంలా కూర్చున్న ఈ తొమ్మిదిమంది సభ్యులకేం తెలుసు, పన్నెండేళ్లుగా ఈ ఊరి ఇళ్లలో పక్కదుప్పట్లు మారుస్తున్నదాన్ని నేను, ఏడాది పొడుగునా శుక్ర శనివారాలు, బడి సెలవులు, క్రిస్మస్, ఈస్టర్, అన్నీ కలిపినా నూట ఎనభైలో ఇంకా మిగులుతాయి, మా వైపు జూలై అంటే నడి చలికాలం, అప్పుడు మామూలు బుధవారం ఎవడొస్తాడు, అంటే గొర్రె ఎప్పుడూ వెళ్లని చోట కంచె కట్టి, చూశారా కంచె కట్టాం అంటున్నారు, ఆ సంగతి అర్థమయ్యే మా ఇంటి యజమాని కోలిన్ ఆమధ్య, కొబ్బరిపొడి అద్దిన లామింగ్టన్ కేకులు, వాటి డబ్బా పట్టుకుని వచ్చాడు, వాడు చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి సుఖంగా ఉండేది, క్రిస్మస్ రోజున కూడా వచ్చి స్నానాలగది పైపు బాగుచేసిన మనిషి, పదకొండేళ్లుగా నేనుంటున్న ఇంట్లో, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఏమనుకోకు మెరిన్, నీకు తెలీందేముంది, ఇప్పుడందరూ చేస్తున్నదే కదా, అని డబ్బా నావైపు జరిపాడు, దాని కింద కవరు, తొంభై రోజుల్లో ఖాళీ చెయ్యాలని, నేనేమో, టీలో ఇంకాసిని పాలు పొయ్యనా అని అడిగాను, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది, పాలు పొయ్యనా అట, ఊళ్లో అద్దెకి ఒక్క ఇల్లు లేదు, నిన్న చూసొచ్చింది కొండలకి అవతల, గంటంపావు దారి, ఇల్సాకి ఇది బడిలో ఆఖరి ఏడాది.

మెరిన్ టాల్బట్, మూడు నిమిషాలు, అంటోంది అధ్యక్షురాలు, నన్నే, లేవాలి, బల్ల మీద చిన్న దీపం పచ్చగా వెలిగింది, రాసుకొచ్చిన కాగితం చెమటకి తడిసి అక్షరాలు అలుక్కుపోయాయి, పోనీ, మా వీధిలో పదహారు ఇళ్లండీ, అన్నాను, మామూలు రోజుల్లో మనుషులుండేవి ఐదు, పోయిన నెల మా వీధిలోనే ఉండే నోరీన్ గుమ్మం మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, ఎనభై రెండేళ్లు ఆవిడకి, ఇటు పిలిస్తే ఇటు తాళం, అటు పిలిస్తే అటు తాళం, నేను పని నుంచి వచ్చేదాకా మూడు గంటలు ఎండలో అలాగే పడి ఉంది, దీపం పసుపుకి తిరిగింది, పనివాళ్లు దొరకడం లేదని బేకరీ మూసేశారని మీరే బాధపడతారు, పనివాళ్లు ఎక్కడ పడుకోవాలి, రొట్టెల పొయ్యిలోనా, వెనక ఎవరో నవ్వారు, నేను నవ్వించడానికి అనలేదు, వాగు దాటితే అరవై, ఇక్కడ నూట ఎనభై, ఎందుకో మీలో ఒక్కరు చెప్పండి, నేను కూర్చుంటాను, అన్నాను, ఎర్రదీపం, థాంక్యూ మెరిన్, టైమైపోయింది, అంది అధ్యక్షురాలు, నేను కూర్చున్నాను.

అరవైకి తగ్గించాలన్న తీర్మానానికి నాలుగు చేతులు లేచాయి, ఐదు లేవలేదు, అంతే, ఈగ వాలి లేచినంత సేపు కూడా పట్టలేదు, చెయ్యెత్తని ఐదుగురిలో ఒకాయన మైకు దగ్గరికి జరిగి, ఆవిడ ఆవేదన మాకు అర్థమైంది, కానీ వచ్చేపోయేవాళ్లే కదా ఈ ఊరికి అన్నం పెట్టేది, పెల్వర్త్‌లో ఏమవుతుందో ఇంకో ఏడాది చూద్దాం, అంటున్నాడు, చూడు నాయనా, నువ్వు చూస్తూ ఉండు, పెల్వర్త్‌లో ఏమవుతుందంటే ట్రూడీ తన ఇంట్లో తను పడుకుంటుంది, అదే అవుతుంది, ఆవిడ అంటాడేం, నాకు పేరు లేదా, ఇప్పుడే కదా పిలిచారు.

బయట ఎండ మొహాన కొట్టింది, కారు తాళాలు ఎక్కడ పెట్టానో తెలీదు, సంచీ అంతా వెతుకుతున్నాను, కోలిన్ కూడా లోపలే వెనక వరసలో కూర్చున్నాడు కాబోలు, నా వెనకే వచ్చి, బాగా మాట్లాడావు మెరిన్, నిజంగా చెబుతున్నా, నోరీన్ సంగతి విని నాకే ఎలాగో అయిపోయింది, అన్నాడు, కళ్లలో నిజంగానే తడి, అన్నట్టు నువ్వు ఖాళీ చేశాక సెలవులకొచ్చే మొదటివాళ్లు పద్నాలుగో తారీకుకి బుక్ చేసుకున్నారు, దుప్పట్లూ తువ్వాళ్లూ అవీ నువ్వు చూసుకుంటానన్నావు కదా, అన్నాడు, నిజమే, చూసుకుంటానని అన్నాను, ఆ సంగతి ట్రూడీకి కూడా చెప్పలేదు నేను, కవరిచ్చిన ఆ రోజే, ఈ ఇంటి సంగతి నీకంటే ఎవరికి తెలుసు, క్లీనింగు నీకే ఇస్తా అంటే, కేకు ముక్క నోట్లో ఉండగానే సరే అన్నాను, పన్నెండేళ్లుగా ఎవరేం అడిగినా సరే అని అలవాటైన నోరు, ఇల్సా తలుపు దగ్గర నిలబడి వింది, అతను వెళ్లాక, నా గదిలో పక్క కూడా నువ్వే సర్దుతావా అమ్మా, వేరేవాళ్లకి, అని అడిగింది, అడిగిందంతే, నేను దాని మీద ఇల్లెగిరిపోయేలా అరిచాను, గిన్నెలు తోమలేదని.

రాను కోలిన్, అన్నాను, ఏంటీ అన్నాడు, నేను రాను, నా ఇంటి నుంచి నన్ను పంపి మళ్లీ ఆ ఇంటికే నన్ను చీపురుతో పిలుస్తున్నావు, నేను రాను, అన్నాను, అరవలేదు, అతని మొహం పాలిపోయింది, అదేంటి మెరిన్, ఇప్పటికిప్పుడు ఇంకెవరు దొరుకుతారు నాకు, అన్నాడు, ఎవరు దొరుకుతారు, నిజమే, ఎవరున్నారు, పాతవాళ్లు పదింటికి వెళ్లి కొత్తవాళ్లు రెండింటికి వచ్చేలోపు ఇంటిని ఇల్లు చేసేవాళ్లు ఈ ఊరంతటికీ ఎవరెవరున్నారు, నేను, ట్రూడీ, టోంగా దీవుల నుంచి వచ్చిన సెలా, ఆమె చెల్లెలు, లాండ్రీ మార్గో, పెట్రోలు బంకు వెనకుండే గ్రెటా, ఆరుగురం, వేళ్లు మడిచి మళ్లీ చూసుకున్నాను, ఆరుగురమే, లోపల ఆ తొమ్మిదిమంది ఇచ్చింది ఒక అంకె, అరవై అని ఉంటే అరవై, నూట ఎనభై అంటే నూట ఎనభై, అంకె మీద ఎవడూ పడుకోలేడు, ముందు ఎవరో ఒకరు దుప్పటి దులిపి నాలుగు మూలలూ లాగి పరవాలి, ట్రూడీకి ఫోన్ చెయ్యాలి, తరవాత సెలాకి, ఆరుగురం ఒకేసారి రాం అంటే చాలు, మేం పక్క పరిస్తేనే ఈ ఊళ్లో వాళ్ల లెక్కకి ఒక రాత్రి.