కుడిచంకలో బిళ్ల

పలాసలో మా జీడి ఫ్యాక్టరీ ఆడవాళ్లలో ఎవరికి బిళ్ల కట్టినా దేవమణి దగ్గరికే వచ్చేవారు. ఆ దేవమణిని నేనే. జీడిపిక్కలు కోసే చేతులకి తొక్కలోని జీడి రసం అంటుతుంది, చర్మం లేచిపోతుంది, పుండు పడుతుంది. ఆ పుండుకి చంకలో ఉసిరికాయంత బిళ్ల లేస్తుంది. పుండు మానితే బిళ్ల పోతుంది. ముప్పై ఏళ్లు ఆ పీట మీద కూర్చున్నదాన్ని, ఇది నాకు ఇంకొకరు చెప్పాలా? వేడి చేసిన ఆముదం, ఉప్పు కాపడం, పామినంతసేపూ ప్రార్థన, ఇదీ నా వైద్యం. వారం తిరిగేసరికి బిళ్ల కరిగేది.

బిళ్ల కరిగినవాళ్లు ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేవారు, దేవుడు దేవమణమ్మ చేతి ద్వారా నన్ను బాగుచేశాడని. మాది పాత బాప్టిస్టు చర్చి. నేను అక్కడ స్త్రీల సమాజానికి పెద్దని. వాళ్లు నా పేరు చెబుతుంటే తల వంచుకుని కూర్చునేదాన్ని గానీ, లోపల ఎంత పొంగిపోయేదాన్నో ఇప్పుడు దాచి లాభం లేదు.

కృపారాణిది ఫ్యాక్టరీలో నా పక్క పీట. ముప్పై ఆరేళ్ల మనిషి. నన్ను పిన్ని అంటుంది, చుట్టరికం లేదు, చర్చి వరసే. పోయిన సెప్టెంబరులో ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి రెండు చేతులూ పైకెత్తింది.

"రెండు సంకల్లోనూ బిళ్ల కట్టినాది పిన్నీ. జీడి పుండే కదా. రాసీ, పోతాది."

రాశాను. ఎడమది ఎనిమిదో రోజుకి పోయింది. కుడిది పోలేదు.

"కుడిసెయ్యి పనిసేసే సెయ్యి గదే, దానికి పుండెక్కువ. ఒకింత ఆలస్యమవుతాది" అన్నాను.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆ ఆదివారమే సాక్ష్యం చెప్పమన్నాను.

"ఇంకా ఒకటి ఉన్నాది కదా పిన్నీ."

"నమ్మి సెప్తే అదీ పోతాది. దేవుడి ముందర సగం బాగయిందని సెప్తావేటి?"

నా మాటకి ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. కృపారాణి లేచి నిలబడి రెండు బిళ్లలూ పోయాయని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

ఇక ఆ రోజు నుంచి మా ఇద్దరి నోళ్లకీ తాళం పడింది. డాక్టరుకి చూపిస్తే సాక్ష్యం అబద్ధమవుతుంది. చూపించకుండా ఉంటే బిళ్ల అలాగే ఉంటుంది. కృపారాణి రోజూ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి నేరుగా మా ఇంటికొచ్చి తలుపు దగ్గరగా వేసి చెయ్యెత్తేది. నేను రాసేదాన్ని. ఇద్దరం దాని ఊసెత్తకుండా కూరల గురించీ, చెన్నైలో తాపీపని చేసే వాళ్లాయన బెన్హర్ గురించీ మాట్లాడుకునేవాళ్లం. క్రిస్మస్ నాటికి నొప్పి లేదంది. నొప్పి లేదంటే తగ్గుతున్నట్టే అన్నాను.

కానీ మొదట్లో ఆ బిళ్ల నా వేలికింద అటూ ఇటూ జారేది. క్రిస్మస్ దాటాక జారడం మానేసింది, లోపల ఎక్కడో అతుక్కున్నట్టు ఉండేది. నా వేళ్లకి తెలిసింది. తెలిసినా పామడం ఆపలేదు. దీనికి దేవుడు నన్నేమడుగుతాడో నాకు తెలుసు.

ఫిబ్రవరిలో ఏఎన్నెం జగదీశ్వరి ఇంటింటికీ పరీక్షలకి వచ్చి, కృపారాణి కుడిరొమ్ములో శనగగింజంత గడ్డ పట్టుకుంది. అలాంటిది ఒకటుందని కృపారాణికే తెలియదు. సూదితో తీసి పరీక్ష చేశారు. కేన్సరన్నారు. చంకలోకి పాకిందో లేదో తెలిస్తే గానీ వైద్యం ఏ దారిలో చెయ్యాలో తేల్చలేమని, స్కానింగు కోసం శ్రీకాకుళం పంపారు. బెన్హర్‌కి సెలవు దొరకలేదు. తోడు నేను వెళ్లాను.

బస్సులో దారంతా ప్రార్థన చేశాను. దేవా, ఆ చంకలోది జీడి బిళ్లే అవ్వాలి అని. టెక్కలి దాటాక ఒక్కసారి ఒళ్లు మండింది, నా మీద నాకే. ఆ పిల్ల బతకాలని అడుగుతున్నానా, నా తప్పు లేదని తేలాలని అడుగుతున్నానా? నిజం చెప్పాలంటే రెండోదే ముందు అడిగాను.

స్కానింగు డాక్టరు పేరు విశాలి. చిన్న వయసు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కృపారాణిని పడుకోబెట్టి, చేతులు తలవెనక్కి పెట్టించి, ముందు ఎడమచంకలో జిగురు రాసి మిషను ఆనించింది. గోడకున్న టీవీలో బూడిదరంగు గీతలు కదిలాయి.

"ఈ పక్క బిళ్లలు మామూలువే. ఇదిగో, గింజలా పొడుగ్గా ఉంది, మధ్యలో తెల్లగా కనబడుతోంది చూడండి. చేతికి పుండు పడితే ఇవి కాస్త ఉబ్బుతాయి, మళ్లీ తగ్గిపోతాయి" అంది.

అచ్చం విరగని గుండు జీడిపప్పులా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశావా, నాకు తెలిసిందే కదా అనుకున్నాను.

తర్వాత కుడిపక్క పెట్టింది. తెర మీద గుండ్రంగా, నల్లగా ఒకటి కనబడింది. మధ్యలో తెలుపు లేదు. పక్కనే ఇంకొకటి. మిషను కొంచెం లోపలికి వంచితే వాటి కింద మూడోది. డాక్టరు ఒక్కొక్కదానికీ అటో చుక్క ఇటో చుక్క పెట్టి కొలిచింది. ముప్పై ఏళ్లు మంచి పప్పూ చెడ్డ పప్పూ ఏరినదాన్ని, నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఈ బిళ్ల ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?"

"పదిరోజులు మేడం. సేతికి జీడి పుండు పడ్డాది" అంది కృపారాణి.

డాక్టరు ఆ చెయ్యి తిప్పి చూసింది. గడ్డ బయటపడ్డ దగ్గర్నుంచి కృపారాణి పనిలోకి రావడం లేదు, చేతులు శుభ్రంగా మానిపోయి ఉన్నాయి. డాక్టరు పదిరోజులనే రాసుకుంది. నేను గోడ పక్కన నిలబడే ఉన్నాను. ఊళ్లో ఎవరింటి గొడవలోనైనా ముందు లేచే నా నోరు అక్కడ లేవలేదు.

"చూడ్డానికి ఇది పుండు బిళ్లలా లేదు. పాకిందనే అనుమానం. సూదితో కొంచెం తీసి పరీక్షకి పంపుదాం, అప్పుడు ఖాయంగా తెలుస్తుంది."

మిషను కదలకుండా పట్టుకుని, తెర చూస్తూ సూది పెట్టింది. తెల్లటి గీత ఒకటి వెళ్లి ఆ నల్లటి దాంట్లో దిగడం చూశాను. కృపారాణి నా చెయ్యి పట్టుకుంది, ఆముదం రాసిన చెయ్యే. గట్టిగా పట్టుకుంది.

బయట బెంచీ మీద కూర్చున్నాక అడిగాను.

"పదిరోజులని ఎందుకన్నావే?"

"మరేటనాల? ఐదు నెలలంటే, అన్నాళ్లూ ఏటి సేసినావు అంటాది. నీ పేరు సెప్పాల, సాక్ష్యం సంగతి సెప్పాల." సూది గుచ్చిన చోట దూది సర్దుకుంది. "నువ్వు నాకు సెడు సెయ్యాలని సెయ్యనేదు కదా పిన్నీ."

చెప్పు తీసి కొట్టినా ఓర్చుకునేదాన్ని. ఆ మాటకి ఓర్చుకోలేకపోయాను.

లేచి మళ్లీ లోపలికెళ్లాను. ఐదు నెలలమ్మా, నేనే పామాను, డాక్టరు దగ్గరికి వెళ్లకుండా చేసింది నేనే అని మొత్తం చెప్పాను. విశాలి డాక్టరు పదిరోజులన్నది కొట్టేసి ఐదు నెలలని రాసింది. తిట్టలేదు. తిడితే బాగుండునని నిలబడ్డాను.

"అప్పుడే తీసుకొచ్చుంటే పాకకుండా ఉండేదామ్మా?"

"చెప్పలేనండి. అప్పటికే పాకి ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. ఐదు నెలలు మాత్రం పోయాయి." కాగితం మీంచి తల ఎత్తింది. "ఇంకెంతమందికి రాశారు?"

"లెక్క నేదమ్మా. సానామందికి."

"తగ్గనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"అందరికీ తగ్గీసినాది. సర్చిలో సాక్ష్యాలు కూడా సెప్పినారు."

ఆ మాట అన్నాక గానీ నేనేమన్నానో నాకు వినబడలేదు. కృపారాణి చెప్పిందీ సాక్ష్యమే కదా. డాక్టరు నావైపే చూస్తోంది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఆరో రోజు రిపోర్టు వచ్చింది. చంకలోకి పాకింది. విశాఖపట్నంలో ముందు మందు ఎక్కించి, ఆ తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు. బెన్హర్ పని మానుకుని వచ్చి కృపారాణిని తీసుకెళ్లాడు. రైలెక్కేముందు ఆమె నన్ను అడిగింది ఒకటే, మా ఇంటి తులసిమొక్కకి నీళ్లు పొయ్యి పిన్నీ, దగ్గుకి పనికొస్తాది అని.

ఆ ఆదివారం మా పాస్టరు ఎలీషా అయ్యగారు ఎప్పటిలాగే సాక్ష్యాలున్నవాళ్లు రండి అన్నారు. నేను లేచాను. అందరి ముఖాలూ వెలిగాయి, నేను లేస్తే మంచి సంగతే చెబుతానని.

"సెప్టెంబరులో కృపారాణి ఇక్కడ నిలబడి రెండు బిళ్లలూ పోనాయని సెప్పినాది. అది అబద్ధం. నాను సెప్పించిన అబద్ధం. కుడిది పోనేదు. అది కేన్సరు. ఐదు నెలలు దాని మీద ఆముదం రాసినాను. పోవటం నేదని నాకు తెలుసు. ఇక ఎవరికీ రాయను. బిళ్ల కడితే ఆస్పత్రికెల్లండి, స్కానింగు తీయించుకోండి."

వెనకనుంచి ఒక ముసలామె అలవాటు కొద్దీ స్తోత్రం అంది. అయ్యగారు పాటల పుస్తకంలో పేజీలు తిప్పుకున్నారు.

ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటుంటే నా చుట్టూ ఖాళీ అయిపోయింది. రోజూ వందనాలమ్మా అనేవాళ్లు అటువైపు నుంచి వెళ్లిపోయారు. వాళ్లదేం తప్పు లేదు. గ్లోరీ ఒక్కతే నా దగ్గరికొచ్చింది. ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే పిల్ల. పోయినేడే పెళ్లయింది. దాని ఎడమచంకలో బిళ్లకి డిసెంబరులో వారం రోజులు రాశాను.

"ఓపాలి ఇలా రామ్మా" అని చర్చి వెనక కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది. అటూ ఇటూ చూసి ఎడమచెయ్యి పైకెత్తింది.

"కొత్త సంవత్సరం ఆరాధనలో పోయిందని సెప్పీసినాను. అందరూ సెప్తన్నారు కదా, నానొక్కదాన్నే సెప్పకపోతే నాకు నమ్మకం నేదనుకుంటారని. పోనేదమ్మా."

"ఇప్పుడు నొప్పి ఉన్నాదేటే?"

"నేదు. నొప్పి ఎప్పుడో పోనాది."

వేలు పెట్టి నెమ్మదిగా అటూ ఇటూ నొక్కాను. అది జారలేదు.