పైకి రావడం

డిగ్రీలో అత్తెసరు మార్కులతో బయటపడ్డ తమ్ముడికి బిజినెస్ స్కూల్లో సీటు తెప్పించాలని అక్క కంకణం కట్టుకుంది. "మార్కులు ఇక మారవు. ఉద్యోగంలోనైనా ఏదో ఘనకార్యం చేసి చూపించు. నువ్వు పైకి రావాలిరా!" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

తమ్ముడు లిఫ్టులు మరమ్మతు చేసే కంపెనీలో సూపర్‌వైజరు. బుర్ర బద్దలు కొట్టుకుని, నెలనెలా జరిగే ఇనుప తాళ్ల తనిఖీ ఏడాదికోసారి చాలన్నాడు. ఖర్చు సగానికి సగం తగ్గింది. యజమాని భుజం తట్టాడు. దరఖాస్తులో ఆ గొప్పే రాసుకుంటే, చదివినవాళ్లు ముచ్చటపడి ఇంటర్వ్యూకి పిలిచారు.

అక్క కూడా వెంట వెళ్లింది. ఇంటర్వ్యూ చిట్టచివరి అంతస్తులో. లిఫ్టు పక్కన గోడ మీద తమ కంపెనీ బిళ్ల కనబడగానే తమ్ముడు ఆగిపోయాడు. తలుపు తెరుచుకున్నప్పుడు, పైనెక్కడో తాడు పోగులు తెగుతున్న టిక్కుటిక్కు వినిపించింది. ఆ చప్పుడు అతనికి కొత్త కాదు.

"మెట్లెక్కి వెళ్దాం అక్కా."

"చెమటలు కక్కుకుంటూనా? బాగుంది సంబడం!" అని అక్క లోపలికి అడుగేసింది.

లోపలున్న ప్రొఫెసరు దరఖాస్తులోని ఫొటోను బట్టి అతన్ని గుర్తుపట్టి నవ్వాడు. "ఖర్చు తగ్గించింది మీరేగా? ఎలా చేశారో వినాలనుంది, రండి."

నోరు విప్పితే సీటు గల్లంతే. తమ్ముడు లోపలికెళ్లి అక్క పక్కన నిలబడ్డాడు.

"పదండి, పైకి పోదాం," అంటూ ప్రొఫెసరు మీట నొక్కాడు.

తలుపులు మూసుకున్నాయి. పైకి రావాలనే గాని, పోవాలని అక్క ఏనాడూ అనలేదు.