ముందు వెళ్లే ప్లగ్గు

పోర్టు నుంచి మల్కాపురం వైపు వెళ్లే దారిలో, రేకుల కంచె వెనక ఒక యార్డు ఉండేది. ఎనభై మూడు, ఎనభై నాలుగు నాటి మాట. సముద్రంలో నూనె కోసం బావులు తవ్వే రిగ్గుకు అక్కడి నుంచి సామాను వెళ్లేది. రిగ్గు అంటే అందరికీ గొప్పే. హెలికాప్టర్లు, పసుపు టోపీలు, పేపర్లో ఫోటోలు. ఆ బావి గోడను నిలబెట్టే సామాను సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. లోకం పద్ధతే అంత, కొత్తగా కోప్పడి ప్రయోజనం లేదు. అయినా నాకు కోపం వస్తుంది.

ఆ సామాను గురించి రెండు ముక్కలు చెప్పాలి. తవ్విన కంతలోకి కేసింగు అనే ఇనప గొట్టం దింపుతారు. గొట్టానికీ మట్టికీ మధ్య ఉన్న సందులో సిమెంటు నింపాలి. పైనుంచి పోస్తే అది నిండదు. గొట్టం లోపల నుంచి సిమెంటును అడుగుకు తోసి, అక్కడ బయటికి మళ్లించి, సందులోకి పైకి ఎక్కించాలి. అందుకు రెండు రబ్బరు ప్లగ్గులు కావాలి. ఒకటి సిమెంటుకు ముందు దిగుతుంది. అడుగు చేరాక దాని మధ్యలో ఉన్న పల్చటి పొర చిరిగి సిమెంటుకు దారిస్తుంది. రెండోది సిమెంటు వెనక దిగి, ముందుదాని నెత్తిన కూర్చుని ఆగిపోతుంది. అది నిండు గట్టిది, దాంట్లో చిరిగేది ఏమీ లేదు. పని అయ్యాక రెండింటినీ అక్కడే పొడి పొడి చేసి, ఇంకా లోతుకు తవ్వుకుంటూ పోతారు. ఆ యార్డు గేటు దాటినది ఏదీ తిరిగి రాదు.

అక్కడి స్టోర్‌కీపరు శ్రీరామ్మూర్తి. పెందుర్తి అవతల పల్లెటూరి రైతు కుటుంబం ఆయనది. పొలం అన్నదమ్ములకు వదిలేసి పట్నం వచ్చాడు. పెళ్లాం పద్మావతి కామెర్లతో పోయింది. పిల్లల్లేరు. మల్కాపురంలో ఒక గది. అక్కడ వండుకుంటాడు, తింటాడు, పడుకుంటాడు. గదిలో మాట్లాడడు, ఎవరున్నారని మాట్లాడతాడు. రిగ్గు మీద పని ఉంటే యార్డుకు లారీ వస్తుంది, లేకపోతే అదీ రాదు. గొట్టం ఒరగకుండా చుట్టూ తొడిగే ఇనప బద్దల బుట్టలకు నూనె రాస్తూ, ప్లగ్గుల పెట్టెల మీద దుమ్ము దులుపుతూ ఆయన పగళ్లన్నీ అక్కడే గడిచిపోయేవి.

ఆ యార్డుకు తప్పకుండా వచ్చే మనిషి ఒకతే ఉంది. తుడిచే జోగమ్మ. ఒడ్డున చేపలు పట్టే వాళ్ల ఇంటి మనిషి. మొగుడు నూకాలు వేటకు వెళతాడు, ఇంటి నిండా అత్త, మరుదులు, పిల్లలు. ఆ ఇంట్లో నోరు మూసుకుని ఉన్న మనిషి ఉండడు. కంట్రాక్టరు కింద పొద్దున్నే ఈ యార్డు తుడిచి, తర్వాత పక్క యార్డుకు వెళ్లేది. తుడుస్తున్నంత సేపూ మాట్లాడేది. తెడ్డు విరిగిన సంగతి, అత్త అలిగిన సంగతి, వలలో పీతలు పడి తాళ్లు కొరికేసిన సంగతి. శ్రీరామ్మూర్తి ఊఁ కొట్టేవాడు. ఆ ఊఁ కొట్టడమే ఆయన సంసారం.

చిన్న యార్డు, చీపురు రెండు విసుర్లు విసిరితే అయిపోతుంది. అందుకని ఆయన ఒక పని చేసేవాడు. ప్లగ్గుల చుట్టూ మెత్తగా ఉండాలని పెట్టెల్లో రంపపు పొట్టు నింపి పంపుతారు. ఆ పొట్టు ఒక గోనెలో దాచుకుని, ఆమె వచ్చే ముందు గడప దగ్గర నుంచి గేటు దాకా చల్లేవాడు. పెద్దమనిషి, నెరిసిన మీసం, చేసేది ఇదీ. నవ్వుకుంటే నవ్వుకోండి.

జోగమ్మకు తెలియదనుకున్నాడు. ఆమెకు మొదటి వారమే తెలిసింది.

"ఏటి బాబుగోరూ, నిన్న తుడిసెల్లిన నేలేనా ఇది?" అనేది.

"పెట్టెలు ఇప్పితే రాల్తాది గదా జోగమ్మా."

"రోజూ రాల్తాదా? నాను తుడుత్తన్నాను, ఎవులో సల్లుతన్నారు" అని ముసిముసిగా నవ్వి, నెమ్మదిగా తుడిచేది. అంతకు మించి ఎప్పుడూ అడగలేదు.

ఆ ఏడు దసరాకు సిబ్బంది అంతా రిగ్గు మీద ఉన్నారు. మామూలుగా ఆయుధ పూజకు వాళ్ల పెళ్లాం పిల్లలు యార్డుకు వచ్చేవాళ్లు. పులిహోర, గోల, ఏడుపులు, అన్నీ ఉండేవి. ఈసారి ఎవరూ రారని తెలిసి కూడా శ్రీరామ్మూర్తి గుమ్మడికాయ, కొబ్బరికాయలు, అరటిపళ్లు తెచ్చాడు. పండగ పూట కూడా రమ్మని జోగమ్మను ముందే బతిమాలాడు. పూజలో బొట్లు పెట్టడానికి ముత్తయిదువ చెయ్యి కావాలన్నాడు. ఆ మాట నిజమే, అయినా అసలు కారణం అది కాదు.

కొత్త చీర కట్టుకుని ఆమె వచ్చింది. మామూలుగా అయితే నాలుగు పానాలకు, త్రాసుకు బొట్టు పెట్టి కానిచ్చేయొచ్చు. ఆయన మాత్రం స్టోరు మొత్తం బయటికి తెచ్చాడు. బుట్టలు, గొట్టం కొసన బిగించే షూలు, చివరికి రిగ్గు మీద తప్ప విప్పకూడదని రూలున్న ప్లగ్గుల పెట్టెలు కూడా విప్పాడు. ఎన్ని బయటికొస్తే అన్ని బొట్లు, ఎన్ని బొట్లుంటే అంత సేపు. రెండు ప్లగ్గుల్నీ పక్కపక్కనే పీటల మీద కూర్చోబెట్టాడు. రెండూ నల్లవే, ఒకే లావు. ఏది ముందుదో ఏది వెనకదో తెలియడానికి ముందుదాని మీద ఎర్ర గీత ఒకటి ఉంటుంది, అంతే తేడా. పెట్టెల మీద మాత్రం ముందుదానికి ఎర్రగీత, వెనకదానికి నల్లగీత.

"ఇవి రెండూ ఏటి బాబుగోరూ? పీటల మీద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ లాగున్నాయి" అంది జోగమ్మ.

ఆయన చెప్పాడు. ఇది ముందు వెళ్తుంది, అది వెనక వెళ్లి దీని మీదే ఆగిపోతుంది, రెండూ మళ్లీ పైకి రావు.

"అయితే ముందెల్లేది పెళ్లాం. మొగుడేగా ఎప్పుడూ ఎనకాల వొచ్చేది."

"మా ఇంట్లోనూ అంతే అయింది" అన్నాడు శ్రీరామ్మూర్తి.

జోగమ్మ చెయ్యి ఆగింది. "అమ్మగోరు ఎల్లిపోనారని మీరూ ఎల్లిపోదామని సూత్తన్నారేటి? పండగ పూట అలాటి మాటలు అనకండి" అని కసిరింది. ఆయన్ను కసిరే మనిషి లేక ఎన్నాళ్లయిందో. కళ్లలో నీళ్లు తిరిగితే సాంబ్రాణి పొగ అన్నాడు.

"పసుపు దట్టంగా రాయి జోగమ్మా. ఎక్కడా నలుపు కనపడకూడదు" అన్నాడు. ఆమె గీత మీదా, అంచుల మీదా, అంతటా మెత్తేసింది.

అప్పుడే గేటు దగ్గర లారీ హారను మోగింది. రేపు రిగ్గుకు వెళ్లాల్సిన పడవ ఈ మధ్యాహ్నమే బయలుదేరుతోందట, సామాను వెంటనే ఎక్కించాలట. శ్రీరామ్మూర్తి గేటుకు పరిగెత్తాడు. క్లీనరు బుట్టల్ని విసిరి పారేస్తుంటే అక్కడే నిలబడి అరవాల్సి వచ్చింది. వాటి బద్దలు వంగితే గొట్టం ఒక పక్కకు ఒరుగుతుంది, ఒరిగిన వైపు సిమెంటు చేరదు. మాటల మధ్యలో వెనక్కి తిరిగి కేకేశాడు.

"జోగమ్మా, ఆ ప్లగ్గులు పెట్టెల్లో పెట్టెయ్. కుడిపక్కది ఎర్రగీత పెట్టెలో, ఎడంపక్కది నల్లగీత పెట్టెలో."

చేపల గంపలు మోసిన మనిషి, ఒక్కొక్కటీ ఎత్తి పెట్టేసింది. డ్రైవరు మూతలకు మేకులు కొట్టాడు. లారీ వెళ్లిపోయింది. కొబ్బరిచిప్ప కొంగులో కట్టుకుని ఆమె కూడా వెళ్లిపోయింది. మిగిలిన అరటిపళ్లను ఆయన ఒక్కడే కూర్చుని తిన్నాడు.

పండగ వెళ్లాక జోగమ్మ మళ్లీ పనిలోకి వచ్చింది. గడప దగ్గర పొట్టు సిద్ధంగా ఉంది. తుడుస్తూ తుడుస్తూ ఏదో గుర్తొచ్చి నవ్వింది.

"మీకు పెళ్లి తంతు తెల్దు బాబుగోరూ. పెళ్లాన్ని కుడిపక్కన కూకోబెట్టేసినారు. తాళి కట్టినాక పెళ్లాం ఎడంపక్కే గదా. మీరు గేటుకెల్లినప్పుడు నానే మార్సి కూకోబెట్టినాను."

శ్రీరామ్మూర్తి చేతిలో నూనెగుడ్డ అలాగే ఉండిపోయింది. "ఎప్పుడు మార్సినావు? పెట్టెల్లో పెట్టకముందా?"

"ముందే. మరి మీరు కేకేసినారు గదా, కుడిపక్కది ఎర్రగీత అని. సెప్పినట్టే ఎట్టేసినాను." మెచ్చుకుంటాడనుకుంది.

ఆయన చెప్పులు వేసుకోకుండానే ఆఫీసుకు పరిగెత్తాడు. గట్టి ప్లగ్గు ముందు దిగితే చిరగదు, అడుగున బిరడాలా కూర్చుంటుంది. దాని మీద సిమెంటు మొత్తం గొట్టంలోనే ఆగి రాయి అయిపోతుంది. బావి ఉండదు. అంతమంది నెలల తరబడి చేసిన పని ఒక పీట మార్చినందుకు పోతుంది.

ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు ముందు బేస్ మేనేజరు సన్యాసిరాజు కూర్చుని ఉన్నాడు. శ్రీరామ్మూర్తి రొప్పుతూ, పూజకని విప్పిన ప్లగ్గులు తారుమారయ్యాయని చెప్పాడు. సన్యాసిరాజు తిట్టడానికి కూడా ఆగకుండా రిగ్గును పిలిచాడు. గరగర మధ్య అటునుంచి జవాబొచ్చింది. కేసింగు దింపేశారట, ప్లగ్గులు గొట్టం పైన బిగించే తలలో ఎక్కించేశారట, సిమెంటు కలపబోతున్నారట.

"ఆపండి. ప్లగ్గులు బయటికి తీసి చూడండి" అన్నాడు సన్యాసిరాజు.

సెట్టు చాలాసేపు గరగరలాడుతూనే ఉంది.  చివరికి మళ్లీ గొంతు వినిపించింది. పసుపు గీకి చూశాం, తారుమారే, సరిచేశాం. ప్లగ్గులకు పసుపు స్నానం చేయించిన మహానుభావుడెవరు అని అడిగి అటువైపు ఎవరో పకపకా నవ్వారు. ఇటువైపు ఎవరూ నవ్వలేదు.

సన్యాసిరాజు సెట్టు కట్టేసి ఇటు తిరిగాడు. "పెట్టెలు ఇప్పినందుకే మిమ్మల్ని తీసేయొచ్చు. సర్లెండి, పూజన్నారు. పెట్టెల్లో పెట్టిందెవరు? ఆ తుడిసే మనిషి లోపలికొస్తాదంట గదా. ఆవిడైతే సెప్పండి, కంట్రాక్టరుకి ఇప్పుడే ఫోన్ సేస్తాను. మీకేటీ అవ్వదు."

జోగమ్మ పేరు చెబితే ఆమె పని పోతుంది. ఈ యార్డులోనే కాదు, పక్క యార్డులో కూడా. ఆయన మాత్రం స్టోరులోనే ఉంటాడు, ఎవరూ తుడవని పొట్టు మధ్య. తన పేరు చెప్పుకుంటే ఆమె ఉంటుంది, ఆయన వెళ్లిపోవాలి. ఏది చెప్పినా ఇక మీదట ఆ గొంతు ఆయనకు వినిపించదు. అది అర్థమయ్యాక ఇంక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

"నానే పెట్టినాను" అన్నాడు.

సన్యాసిరాజు నమ్మినట్టు లేదు. కానీ రిగ్గుకు ఒక పేరు చెప్పాలి, దొరికింది. పరవాడ వైపు ఇసక దిబ్బల దగ్గర కంపెనీ పాత గొట్టాలు పేర్చిన చోటుంది. వాటికి కాపలాగా శ్రీరామ్మూర్తిని వేశారు. అవి ఎవరికీ అక్కర్లేని గొట్టాలు, ఎవరూ ఎత్తుకుపోరు. నన్నడిగితే అదీ తీసేయడం లాంటిదే.

తాళాలు అప్పజెప్పే రోజున జోగమ్మ తుడుస్తోంది. నేల మీద పొట్టు లేదు. రెండు విసుర్లతో అయిపోయింది.

"ఎల్లిపోతన్నారంట?"

"బదిలీ ఏసినారు."

"ఆ రోజెందుకలాగ పరిగెత్తినారు? నాను ఏటైనా తప్పు సేసినానేటి బాబుగోరూ?"

ఆయనకు జోగమ్మ సంగతి తెలుసు. నిజం చెబితే ఈ క్షణమే చీపురుతో సహా సన్యాసిరాజు ముందుకు వెళ్లి, నానే పెట్టినాను అని అరుస్తుంది. "నువ్వేటీ సెయ్యలేదు. నానే అడిగి ఏయించుకున్నాను. ఇక్కడ పోర్టు రొద ఎక్కువ, నాకు పడట్లేదు" అన్నాడు.

జోగమ్మ ఆయన మొహంలోకి చూసింది. "అడిగి ఏయించుకున్నారా?" అంది. "రొద. అదా. నా నోరే గదా ఇక్కడ రొద. ఒక్క ముక్క ఎప్పుడో సెప్తే మూసుకుందును గదా." చీపురు భుజాన వేసుకుని పక్క యార్డుకు వెళ్లిపోయింది. మళ్లీ తిరిగి చూడలేదు.  ఆయన తాళాలు తీసుకుని ఆఫీసు వైపు నడిచాడు.

ఇసక దిబ్బల దగ్గర ఒక రేకుల గది, తుప్పు పట్టిన గొట్టాల వరసలు, వాటి చివర్లలో ఈలలు వేసే గాలి. రొద కావాలన్నా దొరకని చోటు. ఆయన తన సామాను అక్కడ దించుకున్నాడు. గుడ్డల మూట, పొయ్యి, రెండు గిన్నెలు, ఒక గోనె. గోనె ఎందుకు తెచ్చుకున్నాడో ఆయనకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, గోనె మూతి విప్పి గుమ్మం ముందు నుంచి గొట్టాల దాకా రంపపు పొట్టు చల్లాడు. చల్లి గడప మీద కూర్చున్నాడు. ఎండ గొట్టాల మీదికి ఎక్కింది. గాలికి పొట్టు కొంచెం కొంచెం కదిలింది. ఇటు వచ్చే దారిలో ఎవరూ లేరు.

ఎండ నెత్తి మీదికి వచ్చాక లేచాడు. గదిలోంచి చీపురు తెచ్చి, ఆమె తుడిచినంత నెమ్మదిగా అంతా తుడిచి, మళ్లీ గోనెలోకి ఎత్తుకున్నాడు.