ఆరు బుధవారాలు

ఫ్యామిలీ కోర్టు కింది అంతస్తులో ఒక గది ఉంది. వేరే ఇళ్లలో పెరుగుతున్న పిల్లల్ని వారానికోసారి తీసుకొచ్చి, కన్నవాళ్లకు గంటసేపు చూపించేది అక్కడే. నాలుగు కుర్చీలు, ఒక చాప, చక్రం ఊడిన బొమ్మ లారీ. ఆ గది తాళం తియ్యడం, పిల్లల ముక్కులు తుడవడం, రిజిస్టరు రాయడం అన్నీ ఒకావిడ పనే. కోర్టంతా ఆవిడని రిజిస్టరమ్మ అంటుంది.

రిజిస్టరమ్మకి తన రాత అంటే మహా గర్వం. ఒక్క కొట్టివేత ఉండదు. ఆ శుక్రవారం పొద్దున ఆ గర్వం కాస్తా గంగలో కలిసింది.

టైలరు పని చేసుకునే ఒకమ్మాయి రొప్పుతూ వచ్చి, చేతిలోని కాగితాలు ఆవిడ ముందు పడేసింది. నాలుగేళ్ల గువ్వకి తల్లి ఈమె. తను ఆస్పత్రి పాలైనప్పుడు చూసుకునే దిక్కులేక, కోర్టు పిల్లని మరొకరింట్లో ఉంచింది. ఇప్పుడు కోలుకుంది, మళ్లీ మిషనెక్కింది. గువ్వని తిరిగి తల్లికివ్వడమా, శాశ్వతంగా దత్తతకి పంపడమా అన్నది ఇవాళే తేలిపోతుంది.

"ఇది చూడండక్కా. నేను ఆరు వారాలు పిల్లని చూడ్డానికి రాలేదంట. నాకు దానిమీద ధ్యాసే లేదంట. కోర్టుకి ఈ రిపోర్టు రాసిన ఆఫీసరు నా మొహమైనా చూశాడా?"

రిజిస్టరమ్మ రిజిస్టరు తెరిచింది. ఆరు బుధవారాలకి ఎదురుగా తన చేత్తోనే రాసి ఉంది: కలయిక జరగలేదు.

ఆ రిజిస్టరులో గళ్లు రెండే. జరిగింది, జరగలేదు. తల్లి రాకపోయినా జరగలేదనే, పిల్లని తెచ్చే వ్యాను రాకపోయినా జరగలేదనే. ఆ వ్యాను కథలు చెప్పుకుంటే ఒకటా రెండా! ఓ వారం టైరు పంచరు, ఓ వారం డ్రైవరుకి జ్వరం, మరో వారం అడ్రసు మారిన సంగతి డ్రైవరుకి చెప్పినవాడే లేడు. ఇవన్నీ ఏ గడిలో రాయాలో తెలియక ఆవిడ వదిలేసింది. రిపోర్టాయన గళ్లు చూశాడు, లెక్కపెట్టాడు, తల్లి రాలేదనుకున్నాడు. తిలాపాపం తలా పిడికెడు.

"నువ్వొచ్చావు, నాకు తెలుసు. ఊరికే కూర్చోలేక ఈ కర్టెను చిరుగు కుట్టింది కూడా నువ్వే కదా."

"మీకు తెలిస్తే ఏం లాభం అక్కా, జడ్జి మేడమ్‌కి తెలియాలి గానీ!"

పైన పదో కేసు నడుస్తోంది. గువ్వది పధ్నాలుగు.

రిజిస్టరమ్మ హెడ్ క్లర్కు దగ్గరికి పోయి విషయం చెప్పింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "కోరి కొరివితో తల గోక్కుంటావా? వచ్చే నెలే నీ కాంట్రాక్టు రెన్యువల్. నోర్మూసుకుని కూర్చో. కావాలంటే ఆ అమ్మాయి అప్పీలు చేసుకుంటుంది."

అప్పీలు తేలేసరికి గువ్వకి వేరే ఇల్లూ వేరే అమ్మా అలవాటైపోతాయని ఆయనకి తెలియక కాదు. తన పిల్ల కాదు, అంతే.

నోటిమాట ఎవరు నమ్ముతారని ఆవిడ తల్లడిల్లింది. అప్పుడు తట్టింది, గేటు పుస్తకం! లోపలికొచ్చే ప్రతివాళ్లూ అందులో సంతకం పెట్టి టైము వెయ్యాల్సిందే. మోకాళ్ల నొప్పులు మరిచిపోయి గేటు దాకా పరుగెత్తింది.

"పుస్తకం గేటువాళ్ల చేతిలోంచి పోదమ్మా. రూలు" అన్నాడు సెక్యూరిటీ ఆయన.

"ఒక పసిదాని బతుకు బాబూ!"

"ఎవరి బతుకైనా రూలు రూలే."

"అయితే దాంతో పాటు నువ్వూ రా. నీ చేతిలోంచి జారనివ్వకు!"

ఆయన ఆలోచించాడు. అది కుదరదని రూల్లో లేదు. గేటు తోటివాడికి అప్పజెప్పి, పుస్తకం చంకన పెట్టుకుని వెంట నడిచాడు.

మెట్ల దగ్గర తల్లి కలిసింది. అక్కడే పేజీలు తిప్పారు. మొదటి బుధవారం సంతకం ఉంది. రెండోది ఉంది. అయిదింటికీ ఉంది. ఆరోది లేదు.

"ఆ వారం నిజంగానే రాలేదక్కా. షాపువాళ్లు సెలవివ్వలేదు" అంది తల్లి, ఏడుపు గొంతుతో.

"అదీ చెప్పేద్దాం. ఒకటి దాస్తే అయిదూ అబద్ధాలవుతాయి."

పధ్నాలుగో కేసు పిలిచారు. వకీలు రిపోర్టు చదవడం మొదలెట్టగానే రిజిస్టరమ్మ చెయ్యెత్తింది.

"మేడమ్, తప్పు ఆ అమ్మాయిది కాదండీ. నాది. అయిదు వారాలు ఆమె వచ్చింది. పిల్లనే తీసుకురాలేదు. నేను రెంటికీ ఒకే మాట రాశానండీ. ఆరో వారం మాత్రం ఆమె రాలేదు."

జడ్జి రిజిస్టరునీ గేటు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని, తేదీ తేదీ వేలితో పోల్చి చూసింది. చాలాసేపు చూసింది. దత్తత మాట పక్కన పెట్టింది. తల్లికి పని లేని రోజుల్లో వారానికి రెండుసార్లు పిల్లని చూపించాలి, నెల తిరిగేసరికి ఇంటికి పంపే ఏర్పాటు చెయ్యాలి అంది. రేపట్నించి రిజిస్టరులో ఎవరొచ్చారో, ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో రాయాలంది. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"ఇలా ఎన్నేళ్ల నుంచి రాస్తున్నారమ్మా?" అడిగింది జడ్జి.

"తొమ్మిదేళ్లండీ."

జడ్జి పెన్ను కింద పెట్టింది. "పాత కేసులన్నీ తిరిగి చూడాలి. పాత గేటు పుస్తకాలు కూడా తెప్పించండి."

సెక్యూరిటీ ఆయన నీళ్లు నమిలాడు. "అవి లేవండీ. ఏడాది నిండగానే తూకానికి వేసేస్తాం."

బయటికి రాగానే తల్లి ఆవిడ చేతులు పట్టుకుంది. "మీ మేలు జన్మలో మర్చిపోలేనక్కా." రిజిస్టరమ్మ మెల్లగా చేతులు విడిపించుకుని కిందికి దిగింది. బీరువా తెరిచి, అన్నిటికన్నా అడుగున ఉన్న రిజిస్టరు తీసి, మొదటి పేజీ తిప్పింది. కలయిక జరగలేదు. ఎదురుగా ఎవరో తల్లి పేరు. ఆ తల్లి ఆరోజు వచ్చి కూర్చుందో లేదో, ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఆవిడకి గుర్తు రాలేదు.