నేర్పిన నమస్తే

కొడుకూ కోడలూ బసంత్‌నగర్ రోడ్డు మీద లారీ కింద పడి పోయినప్పటి నుంచి, తొమ్మిదేళ్ల మనవరాలు హర్షిణికి సారలమ్మే దిక్కు. పిల్లకు బుద్ధి ఎదగలేదు. సారలమ్మకేమో చూపు తగ్గిపోతోంది. వికలాంగుల క్యాంపులో డాక్టరు సర్టిఫికెట్ రాసిస్తే ఇలాంటి పిల్లల్ని ఆశ్రమంలో చేర్చుకుంటారని విని, నెలరోజులు కూర్చోబెట్టి నమస్తే పెట్టడం, పేరు చెప్పడం నేర్పింది.

క్యాంపులో హర్షిణి చేతులు జోడించి పేరు చెప్పింది.

"అన్నం తనే తింటదా అవ్వా?" అన్నాడు డాక్టరు.

"తింటది సారూ, బంగారం!" అంది సారలమ్మ, రోజూ తానే తినిపించే సంగతి దాచి.

వైకల్యం తక్కువేనని రాసిచ్చాడు. ఆ కాగితానికి ఆశ్రమంలో చోటు లేదు.

తిరిగొచ్చే ఆటోలో పక్కింటి రాజకుమారి తల కొట్టుకుంది. "పెళ్లిచూపులకు తీస్కపోయినవా అత్తా? ఏం రాదని చెప్పాలె గదా!"

"పదిమంది ముంగట పిల్లను ఎట్ల తక్కువ చేసి చెప్పుదు బిడ్డా?"

మళ్లీ క్యాంపు ఏడాదికట. అప్పటికి ఆమె చూపు మిగలదు.

ఇంటికి రాగానే హర్షిణి మెప్పు కోసం మళ్లీ చేతులు జోడించింది. సారలమ్మ వాటిని విడదీసి కిందికి దించింది.

"మర్సిపో బిడ్డా."

పిల్ల నవ్వి, మళ్లీ జోడించింది.